టీచరు గారూ, ఒక ప్రశ్న: పని ఎవరిది, పేరు ఎవరిది?

పోయిన సంచికలో ఒక ఏడో తరగతి పాప టెలిఫోన్ ఎవరు కనిపెట్టారని అడిగితే "అలెగ్జాండర్ గ్రాహం బెల్" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పిన చెయ్యి, నల్లబల్ల మీద రాసే జవాబే కాగితం మీదా రాసేసింది. దాని ఫలితం ఇప్పుడు మా భోజనాల బల్ల మీద కుప్పగా పడి ఉంది. పోస్టుకార్డులు, ఇన్లాండు కవర్లు, ఎడిటర్ గారు ప్రింటు తీసి పంపిన వాట్సాప్ మెసేజీలు. సగం తిట్లు, సగం ప్రశ్నలు. తిట్లు నా దగ్గరే ఉంచుకుని ప్రశ్నలకు జవాబు రాస్తున్నాను. ఈసారి పేజీ అంతా ఒకటే గొడవ. ముందు నా తప్పు దిద్దుకుంటాను.

ప్రశ్న: మెయుచ్చి అనే ఆయన పేరు మీరెప్పుడూ వినలేదా టీచరు గారూ?
(ఒక పాఠకుడు, తణుకు)

విన్నానండి. రాయకపోవడం నా బద్ధకం. ఆంటోనియో మెయుచ్చి ఇటలీ నుంచి వలస వెళ్ళి న్యూయార్క్ పక్కన స్టేటెన్ ఐలాండ్‌లో ఉండేవాడు. తీగ మీదుగా మాట పంపే పరికరం ఒకటి తయారు చేశానని 1871 డిసెంబరులో అమెరికా పేటెంటు ఆఫీసులో ముందస్తు నోటీసు వేశాడు. పూర్తి పేటెంటు తీసుకోవడానికి డబ్బు లేదు. ఆ నోటీసు చెల్లాలన్నా ఏటా పది డాలర్లు కట్టాలి. 1874 వచ్చేసరికి ఆ పదీ పుట్టలేదు. 1876 ఫిబ్రవరి 14న బెల్ తరఫు లాయరు దరఖాస్తు పట్టుకెళ్ళాడు. అదే రోజు ఎలీషా గ్రే అనే ఇంకొకాయన తరఫు లాయరూ అదే ఆఫీసుకు వెళ్ళాడు. మార్చి 7న పేటెంటు బెల్‌కు వచ్చింది. ఆ తర్వాత బెల్ కంపెనీ వందల కొద్దీ కేసులు తట్టుకుని నిలబడింది.

2002 జూన్‌లో అమెరికా ప్రతినిధుల సభ మెయుచ్చి కృషిని గుర్తిస్తూ తీర్మానం చేసింది. పది రోజులకే కెనడా పార్లమెంటు, కాదు, టెలిఫోన్ మా బెల్‌దే అని తీర్మానించింది. చేతులెత్తి తేల్చే సంగతా ఇది? మా ఊరి నీటి సంఘం వాళ్ళే నయం, కాలవ దాకా వెళ్ళి చూసి వచ్చి మాట్లాడతారు.

పాపా, నువ్వు మాత్రం పరీక్షలో బెల్ అనే రాయి. మార్కులు వేసేది నేను కాదు.

ప్రశ్న: మా తాతగారి కాలం నుంచి మా ఇంట్లో కాటన్ దొర ఫొటోకి దండ వేస్తాం. ఇంజనీరింగు చదివే మా మనవడు "ఒక్కడే కట్టాడా తాతయ్యా?" అంటున్నాడు. వాడికి ఏం చెప్పమంటారు?
(లాకుల మీద పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆత్రేయపురం మండలం)

ముందు వాడికి శభాష్ అని చెప్పండి. ఫొటోకి దండ మాత్రం తియ్యకండి.

గోదావరికి ఆనకట్ట కడితే ఈ డెల్టా బతుకుతుందని లెక్కలు కట్టి, పై వాళ్ళతో పోట్లాడి, డబ్బు మంజూరు చేయించింది ఆర్థర్ కాటనే. ఆ పోట్లాటలో ఎవరికీ వాటా లేదు. పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. నడిమధ్యలో, 1848లో, ఆయన ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్ళాడు. తిరిగి వచ్చింది 1850లో. ఆయన లేని కాలమంతా వరదకీ వరదకీ మధ్య పని నడిపించినవాడు కెప్టెన్ ఓర్. దవళేశ్వరంలో పది మందిని అడగండి, ఓర్ పేరు ఒక్కరు చెప్పినా మీకు కాకినాడ కాజాలు నేను కొనిపెడతాను.

ఇక వీణం వీరన్న. రాజమండ్రి వాడు, కాటన్ కింద పనిచేసిన తెలుగు ఇంజనీరు. దొర కాగితం మీద గీసిన గీతకీ, ఏటి ఇసకలో దిగిన కూలీకీ మధ్య ఉన్నది ఈయన. వేల మందిని పిలిపించి, కూడగట్టి, పనిలో నిలబెట్టడం మాటలు కాదు. ఎండాకాలం దాటితే ఏరు వచ్చేస్తుంది, కట్టిన కాడికి కొట్టుకుపోతుంది. సర్కారు ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. 1867లో పోయారు. కాటన్ విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతకాలి. వీరన్న విగ్రహం ఉన్న ఊరు వెతకాలి. రెండు వెతుకులాటలకీ తేడా మీ మనవడికి తెలుస్తుంది.

అసలు నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది పునాది సంగతి. గోదావరి అడుగున తవ్వుకుంటూ పోతే రాయి తగలదు, ఇసకే. ఇసక మీద అంత గోడ ఎలా నిలిచింది? కాటన్ ఆ పాఠం నేర్చుకున్నది ఇంగ్లండులో కాదు, కావేరి మీద. చోళుల నాటి కల్లణై అక్కడ అప్పటికే శతాబ్దాలుగా నిలిచి ఉంది. లోతు అందని ఇసకలో పునాది నిలపడం ఆ పాత కట్టడాలు కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని కాటన్ స్వయంగా రాశాడు. దొర దాచలేదు. మనమే చదవలేదు.

గోదావరి స్నానం చేసేటప్పుడు పురోహితులు సంకల్పంలో కాటన్‌ను భగీరథుడిగా స్మరించడం మీరూ వినే ఉంటారు. పోలిక బాగానే కుదిరింది, వాళ్ళు అనుకున్నదానికన్నా బాగా కుదిరింది. పురాణంలో నేల తవ్వింది అరవై వేల మంది సగర పుత్రులు. గంగకు భాగీరథి అని పేరు వచ్చింది భగీరథుడి వల్ల. ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం? తరతరాలుగా మట్టి పని చేసిన ఉప్పర కులస్థులు తమను సగరులమని చెప్పుకుంటారు. ఆ మాట నేను తేలిగ్గా తీసుకోను.

ఏటి మీదుగా కాలవను దాటించే పి.గన్నవరం అక్విడెక్టు కూడా కాటన్ ఖాతాలోనే వేస్తాం. వైనతేయ పాయ మీద నలభై అడుగుల ఖానాలు నలభై తొమ్మిది పెట్టి ఆ పాతది కట్టించిన ఇంజనీరు హేగ్. పక్కన లేచిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఇటుక పేర్చలేదు, ఏ వేళప్పుడు ఎవరు వచ్చినా అన్నం పెట్టారు. ఆ పేరు పెట్టినందుకు నాకు అభ్యంతరం లేదు, పైగా సంతోషం. హేగ్‌కు ఒక పలక వేస్తే సొమ్మేం పోదు కదా అని మాత్రం అనిపిస్తుంది.

ఇంకొక్క మాట, వదల్లేక. ఆనకట్ట పూర్తయిన 1852లోనే బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దర్ లెక్కలు వేసి, అప్పటిదాకా పదిహేనో నంబరు శిఖరం అని రాసుకున్న కొండే అన్నిటికన్నా ఎత్తయినదని తేల్చాడు. దానికి పెట్టిన పేరు రిటైరై ఇంగ్లండు వెళ్ళిపోయిన సర్వేయర్ జనరల్ ఎవరెస్టుది.

ప్రశ్న: మా ఊళ్ళో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారికి నోబెల్ రావాల్సిందనీ, తెల్లవాళ్ళు లాగేసుకున్నారనీ మా సీనియర్లు అంటారు. నిజమేనా మేడం?
(బీఫార్మసీ విద్యార్థిని, భీమవరం)

సగం నిజం అమ్మా. సగం నిజాన్ని మొత్తం నిజం చేయబోతే ఆయనకే నష్టం. అందుకని ఓపిగ్గా చదువు.

1895 జనవరి 12న పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా చేరారు. బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో చిన్న పని. హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర చేరి, రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయింది. అది నేటికీ ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతే, మీ ల్యాబ్ మాన్యువల్లో చూడు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఒంటికి శక్తినిచ్చే ఏటీపీ కనుక్కున్నారు. కండరం బిగిసినా, నువ్వు ఈ పేజీ తిప్పినా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు.

ఇందులో అన్యాయం ఎక్కడుందో వినుకో. సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడ్లనే పదార్థాల్లో కొన్నిటిని తర్వాతి కాలంలో ఇంకెవరో మళ్ళీ మొదటి నుంచి కనుక్కోవలసి వచ్చిందట. ఫిస్క్ అసూయ కొద్దీ వాటిని వెలుగులోకి రానివ్వకపోవడమే కారణం కావచ్చని జార్జ్ హిచింగ్స్ అన్నాడు. ఆయనా ఆ ల్యాబులో పనిచేసిన మనిషే, 1988లో నోబెల్ అందుకున్నాడు. ఇది మన ఊరివాడి మీద మనకున్న ప్రేమ కాదు, పక్క బల్ల మీద పనిచేసినవాడి సాక్ష్యం.

నోబెల్ లాగేసుకోవడం మాత్రం ఇలా కుదరదు. 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనిపెట్టాడు. ఆయనకూ నోబెల్ రాలేదు. ఎవరికీ రానిదాన్ని ఎవరు లాక్కుంటారు?

తర్వాత సుబ్బారావు లెడర్లే మందుల కంపెనీలో పరిశోధన విభాగం నడిపారు. ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ని కృత్రిమంగా తయారు చేసింది ఆయన బృందమే. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో పోయిన, తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ జబ్బుకూ ఆ మందే పనికొచ్చింది. గర్భిణులకు అంగన్వాడీలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేదీ అదే. అయితే ఆగు. రక్తం తక్కువైన గర్భిణులకు ఈస్టు సారంలో ఏదో పదార్థం పనిచేస్తోందని 1931లోనే రాసింది లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ. ఆవిడ పరిశోధన చేసింది బొంబాయి మిల్లు కార్మికుల ఆడవాళ్ళ మధ్య. సుబ్బారావును మరిచారని బాధపడే మనం విల్స్‌ను ఏనాడైనా తలిచామా?

ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ కూడా ఆయన బృందం చేసి ఇచ్చిందే. దాంతోనే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లల రక్త క్యాన్సరును తొలిసారి కొంతకాలమైనా వెనక్కి తగ్గించాడు. ఆ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు పోయారు. యాభై మూడేళ్ళు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ మా చెల్లెలు కీళ్ళవాతానికి వారానికి ఒకటి వేసుకుంటుంది.

ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయనే కనిపెట్టాడని రాసేవాళ్ళున్నారు. మట్టిలో ఆ మందునిచ్చే సూక్ష్మజీవిని పట్టినవాడు బెంజమిన్ డగ్గర్. సుబ్బారావు ఆ విభాగానికి పెద్ద. పెద్ద పేరు వేసి చేసినవాడి పేరు తీసేస్తే, ఫిస్క్ చేసిన పనే మనమూ చేసినట్టు.

మనకు దగ్గరిది ఇంకొకటుంది. నా చిన్నప్పుడు మా వీధిలో నాలుగిళ్ళకొక బోదకాలు. హెల్తు వాళ్ళు రాత్రి తొమ్మిది దాటాక లాంతరు పట్టుకుని వచ్చి వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం తీసేవాళ్ళు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రక్తంలోకి వచ్చేది రాత్రిళ్ళే కనుక. నిద్రలో లేపినందుకు మా మామ్మ వాళ్ళని తిట్టని రాత్రి లేదు. తర్వాత్తర్వాత ఏటా ఇంటింటికీ వచ్చి ఎదురుగా మింగించిన డీఈసీ అనే బోదకాలు మాత్ర ఉంది చూశావా, అది సుబ్బారావు విభాగంలో పుట్టిన మందే. నరసాపురం నుంచి కాకినాడ దాకా ఆ మాత్ర మింగినవాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళెందరో మీ క్లాసు వాళ్ళు సెలవుల్లో అడిగి నాకు రాయండి.

ప్రశ్న: రేడియో మన బోస్ కనిపెట్టాడా, మార్కోనీనా? టెస్లా అని కూడా అంటున్నారు.
(మత్స్యకార కుటుంబం నుంచి ఒక కుర్రాడు, అంతర్వేది)

1996 నవంబరు 6 రాత్రి మా ఇంట్లో పని చేసిన వస్తువు ఒక్కటే, రెండు సెల్లుల ట్రాన్సిస్టరు. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా పడి ఉన్నాయి. అందుకని రేడియో ఎవరిదన్న ప్రశ్న నాకు కొంచెం సొంత విషయమే.

1895లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో గోడ అవతలికి తరంగాలు పంపి గంట మోగించాడు, మందుగుండు పేల్చాడు. అంతకు ఏడాది ముందు ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్, అదే 1895లో రష్యాలో పపోవ్ ఇలాంటి ప్రయోగాలే చూపించారు. తరంగం వచ్చిందని పసిగట్టే పరికరాన్ని కొహీరర్ అంటారు. పాదరసంతో, దానంతట అది మళ్ళీ సిద్ధమయ్యే కొహీరర్ గురించి బోస్ 1899లో లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం ఇచ్చాడు. 1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ దాటి సంకేతం అందుకున్నప్పుడు చెవి దగ్గర ఉన్నది పాదరసం కొహీరరే. ఇటలీ నౌకాదళం కొహీరర్ అని దానికి పేరు. బోస్ పేరు ఆ చెవిదాకా రాలేదు.

బోస్‌కు పేటెంట్లంటే కిట్టదు. సారా బుల్ అనే అమెరికన్ ఆవిడ పట్టుబట్టి దరఖాస్తు వేయించడంతో 1904లో అమెరికా పేటెంటు ఒకటి వచ్చింది. దాన్ని ఆయన పట్టించుకోలేదు. మార్కోనీకి మాత్రం దుకాణం పెట్టడం వచ్చు. ఓడలకు అమ్మాడు, టవర్లు నిలబెట్టాడు, 1909లో నోబెల్ పంచుకున్నాడు. నువ్వు వేటకెళ్ళేటప్పుడు తుఫాను కబురు వింటున్నావంటే ఆ దుకాణదారుడికీ కొంత చెల్లించాలి.

1943లో అమెరికా సుప్రీంకోర్టు "రేడియో టెస్లాదే" అని తీర్పిచ్చిందన్న మాట తప్పు. కోర్టు చూసింది మార్కోనీ పేటెంటులోని కొన్ని అంశాలు. అవి లాడ్జ్, టెస్లా, స్టోన్ ముందే చెప్పినవని కొట్టేసింది. రేడియోకు తండ్రి ఎవరన్నది ఆ కేసే కాదు.

ప్రశ్న: రైట్ సోదరులకన్నా ముందే, 1895లో బొంబాయి చౌపాటీలో తల్పడే అనే ఆయన వేదాల ప్రకారం విమానం ఎగరేశాడని వాట్సాప్‌లో వచ్చింది. మన ఘనత ఎందుకు చెప్పరు?
(పేరు రాయలేదు)

ఎగిరిందనడానికి ఆ కాలపు సాక్ష్యం లేదు కనుక. ఇలాంటి విమానాలకు ఆధారమని చూపించే వైమానిక శాస్త్రమనే పుస్తకం వేదకాలంది కాదు, ఇరవయ్యో శతాబ్దంలో చెప్పి రాయించింది. అందులోని బొమ్మల ప్రకారం కడితే ఎగరవని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు 1974లోనే లెక్కలు వేసి చూపించారు. బోస్‌కు వ్యాసం ఉంది, సుబ్బారావుకు హిచింగ్స్ మాట ఉంది. ఈ కథకు ఫార్వర్డు బటన్ ఉంది. రెండూ ఒకే గంపలో వేస్తే బోస్ కూడా వాట్సాప్ కథైపోతాడు. నాకు కోపం అందుకే.

ప్రశ్న: నేను పండించేది స్వర్ణ. మా నాన్నా అదే పండించాడు. దాన్ని కనిపెట్టిన మహానుభావుడు ఎవరండి?
(కౌలు రైతు, పెనుగొండ)

మీ పొలానికి కూతవేటు దూరంలో పుట్టిందండి. మీరు సంచీ మీద చూసే ఎంటీయూ 7029లో ఎంటీయూ అంటే మారుటేరు. 1982లో విడుదలైంది. వశిష్ఠ అనే రకానికీ మసూరికీ సంకరం. అంటే ఒక వైపు మన ఏటి పాయ పేరు, ఇంకో వైపు మలేసియా నుంచి వచ్చిన వరి. ఇక్కడి నుంచి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్, నేపాల్ దాకా పాకింది.

మహానుభావుడు అని ఏకవచనంలో అడిగారు. వరి వంగడం అలా పుట్టదు. ఒకరు తెల్లారకముందే పువ్వు కత్తిరించి పుప్పొడి దులుపుతారు. ఒకరు ఏడెనిమిది పంటల పాటు మొక్క మొక్కా చూసి ఏరుతూ పోతారు. ఈలోగా ఒకరికి బదిలీ, ఒకరికి రిటైర్మెంటు. మోకాలి లోతు బురదలో వరసలు నాటే ఆడకూలీలకు ఏ మొక్క ఏ వరసదో నోటికొచ్చు. చివరికి బయటికొచ్చేది ఒక నంబరు.

2009లో వచ్చిన స్వర్ణ సబ్-1 మీరు వేసే ఉంటారు, మునిగినా రెండు వారాలు బతుకుతుంది. ఆ మునక తట్టుకునే జన్యువును గుర్తించి 2006లో ప్రకటించిన శాస్త్రవేత్తల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ గుణం వచ్చింది ఒడిశా వరద పొలాల్లో రైతులు తరతరాలుగా దాచుకున్న నాటు విత్తనం నుంచి.

రైతు పేరు నిలిచిన సందర్భం ఒకటి మన దగ్గరే ఉంది. 1967లో ఐఆర్8 అనే కొత్త వరి పండించి చూపించి, చుట్టుపక్కల వాళ్ళ చేత వేయించిన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు. ఆయన పేరు ఫిలిప్పీన్స్ పరిశోధన కేంద్రం వాళ్ళకూ తెలుసు. ఆచంటలో మీ అబ్బాయి వయసు వాళ్ళకు తెలుసో లేదో ఈసారి సంతకు వెళ్ళినప్పుడు కనుక్కోండి.

ప్రశ్న: మేడం, నేను 1991 పదో తరగతి బ్యాచ్. అసలు కాలవల మీద లాకులు ఎవరు కనిపెట్టారు? ఇంకోటి కూడా అడుగుతున్నా, కోప్పడకండి. జిల్లా సైన్స్ ఫెయిర్‌లో మన స్కూలుకు మొదటి బహుమతి తెచ్చిన లాకు నమూనా ఎవరు చేశారు?
(మీ పాత విద్యార్థి, ప్రస్తుతం హైదరాబాదు)

మొదటిదానికి జవాబు సులువు. చైనాలో 984లో చియావ్ వెయ్‌యువె అనే అధికారి రెండు తలుపుల మధ్య నీళ్ళు నింపి పడవను ఎత్తే లాకు కట్టించాడు. అంతకు ముందు ధాన్యం పడవలను ఏటవాలు గట్టు మీదుగా లాగేవాళ్ళు. పడవలు విరిగేవి, ఆ గందరగోళంలో ధాన్యం దొంగలు ఎత్తుకుపోయేవాళ్ళు. దొంగల బాధ పడలేక పుట్టిన ఉపాయమన్నమాట. మన లొల్ల లాకుల దగ్గర చూసే రెండు రెక్కల తలుపు, ఎగువ వైపు మొన తిరిగిన వీ ఆకారంలో మూసుకుంటుందే, అది లియొనార్డో డావిన్సీ మిలాన్‌లో చేయించినదంటారు. నీళ్ళు ఎంత నెడితే తలుపులు అంత బిగుస్తాయి.

రెండోదానికి జవాబు నీకు తెలుసు. తెలిసే అడిగావు.

చేసింది మన ల్యాబ్ అటెండరు. రెండు నూనె డబ్బాలు కోసి, గంటు తేలకుండా మడిచి, సోల్డరు పెట్టి కాలవ చేశాడు. నేను బోర్డు మీద గీసిన బొమ్మలో తలుపు అడ్డంగా తిన్నగా ఉంది. ఆయన చూసి "ఇలా కాదండి, లాకుల దగ్గర ముక్కులా ఉంటదండి" అని వేళ్ళు కలిపి చూపించాడు. తలుపుల అడుగు నుంచి నీళ్ళు కారుతుంటే మర్నాడు ఎక్కడి నుంచో రబ్బరు పట్టీ తెచ్చి అతికించాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. జడ్జీ వచ్చి ఎవరు చేశారని అడిగితే "మా పిల్లలండి, నేను గైడ్ చేశాను" అన్నాను. అప్పుడు ఆయన రెండడుగుల దూరంలో తువ్వాలుతో బల్ల కింద నీళ్ళు తుడుస్తున్నాడు. సర్టిఫికెట్టులో గైడ్ టీచరుగా నా పేరు పడింది. బహుమతి గోడ గడియారం. నిన్నమొన్నటి దాకా మా హాల్లోనే ఉంది, ఏడు నిమిషాలు ముందు నడుస్తూ.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు ఆ గడియారం సంచీలో పెట్టుకుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. ఆయన నరసాపురం దగ్గరలోనే ఉంటున్నాడు. నన్ను చూసి "ఆయ్, మేడం గారా, రండి రండి" అని కుర్చీ తుడిచాడు. సంగతి చెప్పి గడియారం చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదెందుకండి ఇప్పుడు, టైము ఫోన్లో చూసుకుంటన్నాం గదండి" అన్నాడు. పత్రికలో మీ పేరు వేయిస్తానంటే కంగారు పడిపోయాడు. "వద్దండి బాబూ! ఆ నూనె డబ్బాలు స్కూలువండి. ఇప్పుడెవరైనా చదివి పింఛను ఆపేస్తే?" నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. అందుకే ఇక్కడ పేరు లేదు.

లేస్తుంటే అన్నాడు, "అయినా మేడం గారు, తలుపు నాదేనండి, రబ్బరు ఆలోచన నాది కాదండి. మా ఆవిడదండి. కుక్కరు మూతకి రబ్బరు ఉంటది గదా, ఆవిరి నెట్టేకొద్దీ అది బిగుసుద్ది, నీళ్ళకైనా అంతే అంది."

లోపల గిన్నెలు కడుగుతున్న ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఆలోచన చెప్పాను గానీ, మా కుక్కరు రబ్బరే కొయ్యమన్నానా అమ్మగారూ? అప్పుడు ఇంట్లో ఉన్నది అదొక్కటే. జీతం రాగానే కొత్తది కొంటానన్నారు. ఆ కుక్కరు ఇంకా అటక మీదే ఉంది."

తిరుగు పంటుకు టైముంది కదా అని నరసాపురంలో స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళి అయిదు లీటర్ల కుక్కరు రబ్బరు అడిగాను. "ఏ కంపెనీదండి?" అన్నాడు కొట్టు కుర్రాడు. ఆటో కట్టించుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళాను.